విశ్వవిద్యాలయమని పేరు పెట్టుకొన్నదెల్ల విశ్వవిద్యాలయమగునా?

మార్కాపురము పలకల యూరు. మంచి రాతిపలకను వ్రేలి కణుపుతో తట్టినచో ఖంగుమని మ్రోగును. లోపల బీట గలిగినది మ్రోగదు. కంటికి మాత్రము రెండును నల్లగనే, నునుపుగనే యుండును. కావున ఎఱిగినవారు పలకను చూచి కొనరు, తట్టి కొందురు. చదువును కొనువారును అట్లే చేయవలసిన దినములు వచ్చినవి గనుక, మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగించునను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత వేసవిలో మా పూర్వవిద్యార్థి యొకడు మా యింటికి వచ్చెను. బి.ఏ. ముగించి, పలకల కార్ఖానాలో లెక్కలు వ్రాసికొనుచు, ఎప్పటికైనను ఉపాధ్యాయుడు కావలెనని కోరుకొనుచున్న బుద్ధిమంతుడు. వాని చేతిలో నొక కాగితముల కట్ట యుండెను. అది విదేశపు పేరు గల యొక 'ఆన్‌లైను యూనివర్సిటీ'వారు పంపినది. ఇంట కూర్చుండియే ఆరు నెలలలో బి.ఇడి. పట్టము, హాజరు లేదు, పరీక్షయు ఇంటియొద్దనే. బంగారు రంగు ముద్ర, మూడు నాలుగు దేశముల జెండాలు, 'అంతర్జాతీయ గుర్తింపు' అను పెద్ద అక్షరములు అందున్నవి. తల్లి కూలి చేసి కట్టిన చీటీ పాట పాడి తెచ్చిన సొమ్ములో మొదటి వాయిదా అప్పటికే చెల్లించినాడు. "సార్, ఇది మంచిదేనా? ఒక్కసారి చూచి చెప్పండి" అని అడిగెను.

నిజము చెప్పవలెనన్న మాకును ఆ క్షణమున ఏమి చెప్పుటకును తోచలేదు. ఉపాధ్యాయ శిక్షణ పొంది యిన్నేండ్లు బోధించుచున్నను, ఒక విశ్వవిద్యాలయము నిజమైనదో కాదో ఎట్లు తేల్చుకొనవలయునో మేమెన్నడును క్రమముగా విచారించి యెఱుగము. వాని నిమిత్తము విచారించితిమి. తెలిసికొన్నది ఇచ్చట వివరించుచున్నాము.

మొదట తెలియవలసిన భేదము

సామాన్యముగ జనులు మూడు వేర్వేరు సంగతులను ఒక్కటిగా కలిపి చెప్పుదురు. మొదటిది నమోదు, రెండవది గుర్తింపు, మూడవది ప్రమాణ పరీక్ష.

నమోదు అనగా ఒక సంఘముగానో, ట్రస్టుగానో, కంపెనీగానో ప్రభుత్వపు పుస్తకములలో పేరు వ్రాయించుకొనుట. నలుగురు కలిసి భజన సమాజమును నమోదు చేయించుకొనవచ్చును; కిరాణా వ్యాపారమును నమోదు చేయించుకొనవచ్చును. దాని వలన పట్టములిచ్చు హక్కు రాదు. 'గవర్నమెంటు రిజిస్టర్డు' అను మాటకు ఇంతకు మించి అర్థము లేదు. ఐ.ఎస్.ఓ. పత్రమును అంతియే, అది కార్యాలయము నడుపు పద్ధతిని గూర్చినదేకాని, పట్టమిచ్చు అధికారమును గూర్చినది కాదు.

గుర్తింపు అనగా పట్టమిచ్చు హక్కు. మన దేశమున ఇది చట్టము వలన మాత్రమే కలుగును. 1956 సంవత్సరపు యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను చట్టము 22వ విభాగము ప్రకారము, పార్లమెంటు చట్టము చేతగాని, రాష్ట్ర శాసనసభ చట్టము చేతగాని ఏర్పడిన విశ్వవిద్యాలయములును, 3వ విభాగము క్రింద కేంద్రప్రభుత్వము విశ్వవిద్యాలయముతో సమానమని ప్రకటించిన సంస్థలును, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థలును మాత్రమే పట్టముల నీయవచ్చును. ఇతరులు తమ పేరులో 'యూనివర్సిటీ' అను పదమును చేర్చుకొనుటనే 23వ విభాగము నిషేధించుచున్నది. 'డీమ్డ్' అను మాటయు ఎవరికి వారు తగిలించుకొనునది కాదు.

ప్రమాణ పరీక్ష యనగా, హక్కుగల సంస్థ ఎంత బాగుగా బోధించుచున్నదో పరిశీలించి శ్రేణి నిర్ణయించుట. ఇందుకు 1994లో బెంగుళూరునందు 'న్యాక్' అను మండలి ఏర్పడినది. క్రొత్తగా చట్టముచే నెలకొల్పబడిన విశ్వవిద్యాలయమునకు న్యాక్ శ్రేణి ఇంకను రాకపోవచ్చును. అంతమాత్రమున దాని పట్టము చెల్లకపోదు. చట్టబలమే లేని సంస్థకు ఎన్ని 'శ్రేణులు' ఉన్నను పట్టము చెల్లదు. కనుక 'శ్రేణి యేది?' అని అడుగుటకు ముందు 'హక్కు ఏ చట్టము వలన వచ్చినది?' అని అడుగవలయును.

చట్టమున్నను చాలని సందర్భమును ఒకటి గలదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము 2002లో నొక చట్టము చేయగా, దాని యండను నూటికి పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయములు పుట్టినవి. వానిలో పెక్కింటికి తగిన భవనములుగాని బోధకులుగాని లేరు. ప్రఖ్యాత శాస్త్రవేత్త ప్రొఫెసరు యశ్‌పాల్‌గారు న్యాయస్థానమున కెక్కగా, 2005 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు వాని స్థాపన చెల్లదని తీర్పు చెప్పినది. చట్టము పేరుతో పాటు గోడలను, గురువులను గూడ చూడవలెనని దీనివలన తెలియుచున్నది.

గుర్తింపు లేనిదెల్ల మోసమా?

కాదు. ఈ విషయమున తొందరపడి తీర్పు తీర్చరాదు. కోపల్లె హనుమంతరావుగారు మొదలగు దేశభక్తులు 1910లో బందరునందు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల ప్రభుత్వపు గుర్తింపును ఆశింపక నడచినది. చిత్రకారుడును రచయితయునైన అడివి బాపిరాజుగారు ప్రమోదకుమార చటర్జీగారి యొద్ద చిత్రలేఖనము నేర్చినది అచ్చటనే. ఆ కళాశాలను ఎవరును మోసమనలేదు. ఏలయనగా, 'మా చదువు వలన సర్కారు ఉద్యోగము రాదు. విద్యయు, చేతిపనియు, దేశాభిమానమును వచ్చును' అని తెలిసియే విద్యార్థులు చేరిరి. చేరినవారికి నిజముగా విద్య చెప్పబడినది.

అట్లే మన సంఘములకు సేవకులను సిద్ధపరచు బైబిలు పాఠశాలలు పెక్కు గలవు. వానిలో కొన్ని పట్టములు గాక యోగ్యతాపత్రములు మాత్రమే యిచ్చును. 'ఇది సంఘసేవ కొఱకు' అని చెప్పి శ్రద్ధగా బోధించుచున్నంతవరకు వాని యందు దోషమేమియు లేదు. వేదాంత పట్టములకు చట్టబలము గల దారియు మన దేశమున పూర్వమునుండి యున్నది. కేరీ, మార్ష్‌మన్, వార్డు అను మువ్వురు మిషనరీలు 1818లో స్థాపించిన శ్రీరామపురపు కళాశాలకు డెన్మార్కు రాజు 1827లో పట్టములిచ్చు అధికారపత్రము నొసగెను. 1918లో బెంగాలు శాసనసభ చట్టము దానిని స్థిరపరచినది.

కావున దోషము గుర్తింపు లేకుండుటయందు గాక, లేని గుర్తింపును ఉన్నదని చెప్పుటయందున్నది. మంచి సంస్థ తనకేమి లేదో తానే చెప్పును. చెడ్డ సంస్థ అడిగినను చెప్పదు.

ఇంటినుండి చదువుట తక్కువ చదువా?

అదియును కాదు. దూరవిద్యకు మన తెలుగునేలయే దారి చూపినది. 1982లో హైదరాబాదునందు స్థాపింపబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము. అదియే తరువాత డాక్టరు అంబేడ్కరుగారి పేరు వహించినది. 1985లో పార్లమెంటు చట్టముచే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. పగలు పనిచేసి రాత్రి చదివి వీనివలన పట్టభద్రులైన వారెందఱో కలరు.

అంతర్జాలము ద్వారా బోధించుటకు మాత్రము విశ్వవిద్యాలయమునకు సామాన్యమైన హక్కు గాక వేరుగా అనుమతి కావలయును. 2020 సెప్టెంబరులో యు.జి.సి. ప్రకటించిన నియమావళి ఈ సంగతిని నిర్ణయించినది. ఏ విశ్వవిద్యాలయము, ఏ సంవత్సరమున, ఏ చదువును అంతర్జాలమున నేర్పవచ్చునో తెలుపు పట్టిక యు.జి.సి. దూరవిద్యా విభాగపు వెబ్‌సైటులో నుండును. విశ్వవిద్యాలయము పేరు ఉండుట చాలదు. మనము కోరు చదువు పేరును, చేరు సంవత్సరమును కూడ అందుండవలయును. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రము మొదలగు చదువులను ఇట్లు నేర్పరాదు. పిహెచ్.డి.యు అంతర్జాలమున నీయరాదు. విదేశ సంస్థలతో గూడి ఆన్‌లైను పిహెచ్.డి. యిప్పింతుమను కంపెనీల ప్రకటనలను నమ్మవలదని యు.జి.సి.యు ఏ.ఐ.సి.టి.ఇ.యు 2022 అక్టోబరులో ప్రజలను హెచ్చరించినవి. 2024 నుండి దూరవిద్యలో చేరు ప్రతి విద్యార్థియు ఆ విభాగపు వెబ్‌సైటులో తన పేరిట 'డెబ్ ఐడి' అను సంఖ్యను తీసికొనవలెనను ఏర్పాటు జరిగినది. ఆ సంఖ్య యక్కరలేదని చెప్పు సంస్థను అనుమానింపవలయును.

ఇక ఉపాధ్యాయ శిక్షణ సంగతి. దీనికి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి అనుమతి వేరుగ కావలయును. ఆ మండలి 2014 నాటి నియమములు బి.ఇడి.ని రెండు సంవత్సరముల చదువుగా నిర్ణయించి, అందు 20 వారములు పాఠశాలలో నుండి పని నేర్వవలెనని శాసించినవి. పిల్లల ముందు నిలువక, తప్పుచెప్పి దిద్దుకొనక, బోధన యెట్లు వచ్చును? ఈత నేర్పుదుము గాని నీటిలో దిగనక్కరలేదన్నట్లున్నది ఆరు నెలల బి.ఇడి.

మనవారు నేర్చుకొన్న పాఠములు

ఈ మోసములకు తెలుగు బిడ్డలు అందఱికంటె ఎక్కువగా బలియైరన్న అతిశయోక్తి కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అను నొక సంస్థ యుండెను. విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు 2009లో అచ్చటి ప్రభుత్వమే దానికి అనుమతి నిచ్చినది. కాని ప్రమాణ పరీక్ష పొందిన సంస్థ కాదు. వేయికి పైగా చేరిన విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలోను ఆంధ్రప్రదేశ్‌వారే యెక్కువ. సగమునకు పైగా విద్యార్థులు ఒకే యింటి చిరునామాయందు నివసించుచున్నట్లు పుస్తకములలో వ్రాయబడినది! 2011 జనవరిలో అధికారులు దానిని మూయించిరి. కొందఱు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు తగిలించిరి. దాని యజమానురాలికి 2014లో 16 సంవత్సరముల 6 నెలల కారాగారశిక్ష పడినది. విద్యార్థులకు పోయిన ధనమును కాలమును ఎవరు తిరిగి యీయగలరు?

ఇంతకంటె వింతయైనది మిషిగన్ రాష్ట్రపు ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దానిని నడపినది మోసగాండ్రు కారు. అమెరికా ప్రభుత్వపు అధికారులే వీసా నేరములను పట్టుటకై పన్నిన వల యది. అందు బోధకుడు లేడు, తరగతి లేదు. అయినను ప్రమాణ పరీక్ష చేయు ఒక సంస్థ పట్టికలో దాని పేరు చేర్పించిరి. సుమారు 600 మంది చేరిరి. 2019 జనవరిలో వల బిగింపగా, విద్యార్థులను సమకూర్చిన ఎనమండ్రపై నేరము మోపబడినది. చేరినవారిలోను, చేర్చినవారిలోను తెలుగువారు పెక్కుమంది. రుసుము పుచ్చుకొని పాఠము చెప్పకుండుట ఒప్పందభంగమని విద్యార్థులు దావా వేయగా, 2024 జూన్‌లో అచ్చటి అప్పీలు న్యాయస్థానము ఆ దావా నడువదగినదేనని తీర్పిచ్చినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ఒకదానికి సర్కారు అనుమతి పత్రమున్నది. రెండవదాని పేరు పట్టికలో నున్నది. రెండింటను లేనిది పాఠము. 'మాకు పాఠము లేదేమి?' అని గ్రహించినవారు కొందఱు బయటపడిరి. 'పాఠము లేకున్న మఱింత మేలు' అని యూరకున్నవారు చిక్కుకొనిరి. మోసము సగము అమ్మువాని యందున్నను, మిగిలిన సగము కొనువాని ఆశయందుండునని మేము భావింతుము.

2015 మే నెలలో న్యూయార్కు టైమ్సు పత్రిక కరాచీ నగరపు ఆక్సాక్ట్ అను కంపెనీని గూర్చి వెల్లడించిన సంగతియు గమనింపదగినది. అది లేని విశ్వవిద్యాలయముల పేర వందలకొలది వెబ్‌సైట్లు నడపినది. అంతటితో ఆగక, వానికి 'గుర్తింపు' ఇచ్చు మండళ్లను గూడ తానే కల్పించినది! కావున 'మాకు ఫలానా మండలి గుర్తింపు కలదు' అన్నప్పుడు, ఆ మండలిని గుర్తించినవారెవరని మఱల అడుగవలయును. అమెరికా సంస్థయైనచో, ఆ మండలి పేరు అచ్చటి ప్రభుత్వ విద్యాశాఖ పట్టికలోగాని, 'చియా' అను సమితి పట్టికలోగాని ఉన్నదేమో చూడవచ్చును. యునెస్కో ఎవరికిని గుర్తింపు నీయదు. 'అపోస్టిల్' ముద్ర పత్రముపై సంతకము నిజమని చెప్పునేగాని చదువు నిజమని చెప్పదు.

అడుగవలసిన ప్రశ్నలు

ఎవరైనను రుసుము చెల్లించుటకు ముందు ఈ యైదు ప్రశ్నలు వేసి, జవాబు వ్రాతమూలముగా పుచ్చుకొనవలెనని మా మనవి.

1. పట్టమిచ్చు హక్కు మీకు ఏ చట్టము వలన, ఏ సంవత్సరమున వచ్చినది?
2. ఈ చదువును, ఈ సంవత్సరమున, అంతర్జాలమున నేర్పుటకు అనుమతి యెక్కడ నున్నది?
3. పాఠములు చెప్పువారెవరు? వారి చదువేమి? వారానికి ఎన్ని గంటలు చెప్పుదురు?
4. పరీక్ష ఎవరు, ఎక్కడ, ఏ రీతిని చేయుదురు?
5. మధ్యలో మానుకొన్నచో రుసుము ఎంత తిరిగి యిత్తురు?

వచ్చిన జవాబులను ఆ సంస్థవారి కాగితములలో సరిచూచుట వ్యర్థము, యు.జి.సి. పట్టికలోనే సరిచూడవలయును. ఆరవ ప్రశ్న యొకటి గలదు. అది సంస్థను గాక, పట్టము నెవరికి చూపుదుమో వారినే అడుగవలసినది: 'దీనిని మీరు ఒప్పుకొందురా?' ఉద్యోగ ప్రకటనలోని అర్హతలను ముందుగా చదివినవాడు సగము మోసపోడు.

'నేడే చేరినచో సగము రుసుము', 'మీ అనుభవమునకే పట్టము', 'పాత తేదీతో పత్రము' అను మాటలలో ఏ యొక్కటి వినబడినను, అచ్చట ఆగి లేచి రావలయును.

మన యింటి సంగతి

ఇతరుల తప్పులను చెప్పి మన తప్పును దాచుట న్యాయము కాదు. 2023 ఆగస్టులో యు.జి.సి. 20 నకిలీ విశ్వవిద్యాలయముల పేర్లను ప్రకటించినది. అందు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి రెండు: గుంటూరు చిరునామా గల క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, విశాఖపట్టణము చిరునామా గల బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా. రెండింటి పేరులును మన విశ్వాసమునకు సంబంధించినవే. దీనిని చదివినప్పుడు మాకు సిగ్గు కలిగినది. యు.జి.సి. చెప్పినది వానికి పట్టములిచ్చు అధికారము లేదని; అంతకు మించి మేమేమియు చెప్పము. కాని పవిత్రమైన పేరు కనబడగానే పరీక్షింపక నమ్ముట మన బలహీనతయని మాత్రము ఒప్పుకొనవలయును. 'డాక్టరు' అను మూడక్షరముల ముచ్చట కొఱకు కానుక చెల్లించి పట్టము తెచ్చుకొను అలవాటు సంఘములలో అక్కడక్కడ పొడసూపుచున్నది. ప్రజలు సేవకుని ప్రేమింతురు గాని వాని పేరు ముందరి అక్షరములను కాదు. అపొస్తలుడైన పౌలు బోధనే లేఖనములతో సరిచూచిన బెరయవారిని లేఖనము మెచ్చుకొనుచున్నది. అట్టిచో ఒక ప్రకటనను సరిచూచుట అవిశ్వాసమెట్లగును?

ప్రభుత్వము శిక్షించునుగదా యని ఊరకుండుటయు తగదు. ఇట్టి నేరమునకు 1956 చట్టము 24వ విభాగమున వ్రాసిన జరిమానా గరిష్ఠముగా 1000 రూపాయలు. ఒక్క విద్యార్థి రుసుములో అదెంత? కావున మనలను మనమే కాచుకొనవలయును.

మా విద్యార్థి ఆ ప్రశ్నలను వ్రాసి పంపెను. రెండు వారములు గడచినను జవాబు రాలేదు. రెండవ వాయిదా కట్టుమని మాత్రము దినమునకు మూడు మారులు ఫోను వచ్చెను. అంతటితో వానికి సంగతి తెలిసినది. మొదటి వాయిదా తిరిగి రాలేదు. ఆ రాత్రి తల్లికి ఎట్లు చెప్పవలెనో తోచక మా యరుగుమీద చాలసేపు కూర్చుండెను. ఆమె మఱునాడు మాతో అన్న మాట మేము మఱువలేము: "పోయిన సొమ్ము కూలికి పోతే వస్తది సారూ, వాడు దొంగకాగితం పట్టుకొని పిల్లలకాడికి పోలేదు, అది చాలు."

ఇప్పుడతడు ప్రవేశపరీక్షకు చదువుచున్నాడు. సాయంకాలములయందు కార్ఖానా ముగించుకొని మా పాఠశాల గ్రంథాలయమునకు వచ్చును. రెండేండ్ల చదువు, అందులో పిల్లల యెదుట 20 వారములు. త్రోవ దూరమే, కాని చేర్చునది ఆ త్రోవయే. ప్రియ విద్యార్థులారా, ఏ పట్టమైనను మీ ముందుకు వచ్చినప్పుడు, డబ్బు తీయుటకు ముందు ఒక్కసారి తట్టి చూడుడు.